ఆమ్ల వర్షం: పర్యావరణంపై, మనుషులపై ప్రభావాలు

బొగ్గు, చమురు మండినప్పుడు, లోహపు ఖనిజాలను కరిగించినప్పుడు సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు వెలువడతాయి. గాలిలో ఇవి ఆమ్లాలుగా మారి వానగా, మంచుగా, పొగమంచుగా, ధూళిగా నేలకు దిగడాన్ని ఆమ్ల వర్షం అంటారు. దీనివల్ల చెరువులు, నదులు చేపల్లేనివయ్యాయి. అడవులు ఎండిపోయాయి. శతాబ్దాల నాటి శిల్పాలు కరిగిపోయాయి. ఆమ్లానికి మూలమైన వాయువులే మనిషి ఊపిరితిత్తులకూ చేటు చేస్తాయి. పొగ పుట్టిన చోటికీ వాన పడిన చోటికీ మధ్య వందల కిలోమీటర్ల దూరం ఉండవచ్చు. గత యాభై ఏళ్ళలో ఈ సమస్య మీద ప్రపంచం చేసిన చర్చ అంతా ఈ దూరం చుట్టూనే నడిచింది.

ఏ వానను ఆమ్ల వర్షం అంటారు?

ఆమ్లత్వాన్ని పీహెచ్ అనే కొలమానంతో చెబుతారు. శుద్ధమైన నీటి పీహెచ్ 7. అంతకంటే తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. ఈ కొలమానంలో ఒక్క అంకె తగ్గితే ఆమ్లత్వం పది రెట్లు పెరిగినట్టు. కాలుష్యం లేని చోట కూడా వాన నీరు కొంచెం పుల్లగానే ఉంటుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగి బలహీనమైన కార్బానిక్ ఆమ్లంగా మారుతుంది కాబట్టి దాని పీహెచ్ సుమారు 5.6. అంతకంటే తగ్గిన వానను ఆమ్ల వర్షంగా లెక్కిస్తారు.

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో కాలుష్యం తీవ్రంగా ఉన్న రోజుల్లో వాన పీహెచ్ 4.2 దగ్గర ఉండేది. మామూలు వానతో పోలిస్తే ఇది సుమారు 25 రెట్ల ఆమ్లత్వం. 1974 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లోని పిట్లోక్రీలో పడిన ఒక వాన పీహెచ్ 2.4గా నమోదైంది. అది వెనిగర్‌తో సమానమైన పులుపు.

ఆమ్లం నేలకు దిగడానికి వానే అక్కర్లేదు. వాయువులు, సన్నని కణాలు పొడిగానే ఆకుల మీద, గోడల మీద, మట్టి మీద పేరుకుంటాయి. తరవాత చినుకు పడగానే అవన్నీ ఒక్కసారిగా కరిగి ప్రవహిస్తాయి. శాస్త్రజ్ఞులు అందుకే తడి నిక్షేపం, పొడి నిక్షేపం రెండింటినీ కలిపి ఆమ్ల నిక్షేపం అంటారు.

ఎలా పుడుతుంది?

బొగ్గులో, ముడి చమురులో, రాగి, నికెల్, జింకు ఖనిజాల్లో గంధకం ఉంటుంది. మండించినప్పుడు అది సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది. మబ్బు బిందువుల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్, ఓజోన్‌ల సాయంతో అది సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుతుంది. వాహనాల ఇంజన్లలో, బాయిలర్లలో ఉష్ణోగ్రత బాగా పెరిగినప్పుడు గాలిలోని నైట్రోజనే ఆక్సిజన్‌తో కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లను పుట్టిస్తుంది. వాటి నుంచి నైట్రిక్ ఆమ్లం వస్తుంది. పశువుల పేడ, మూత్రాల నుంచి, యూరియా వంటి ఎరువుల నుంచి లేచే అమ్మోనియా గాలిలో క్షారమే అయినా, మట్టిలో చేరాక సూక్ష్మజీవులు దాన్ని నైట్రేటుగా మార్చే క్రమంలో నేల ఆమ్లత్వం పెరుగుతుంది.

ప్రకృతిలోనూ ఈ వాయువులు ఉన్నాయి. అగ్నిపర్వతాలు సల్ఫర్ డయాక్సైడ్‌ను, మెరుపులు నైట్రోజన్ ఆక్సైడ్లను పుట్టిస్తాయి. అయితే పారిశ్రామిక దేశాలలో వానను దశాబ్దాల తరబడి పుల్లబరచింది ప్రధానంగా మనిషి వెలిగించిన మంటలే.

ఈ వాయువులు రోజుల తరబడి గాలిలో ఉండగలవు. పొగగొట్టం ఎంత ఎత్తయితే గాలి వాటిని అంత దూరం మోసుకుపోతుంది.

గుర్తించిన తీరు

మాంచెస్టర్ మిల్లుల పొగకూ అక్కడి వాన పులుపుకూ సంబంధం ఉందని స్కాట్లాండ్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ ఆంగస్ స్మిత్ 1852లోనే గమనించాడు. 1872లో గాలి, వాన మీద రాసిన పుస్తకంలో ఆమ్ల వర్షం అన్న పేరు వాడాడు. ఆ తరవాత దాదాపు శతాబ్దం పాటు దాన్ని పారిశ్రామిక పట్టణాల స్థానిక బెడదగానే చూశారు.

ఆ దృష్టిని మార్చినవాడు స్వీడన్ మృత్తికా శాస్త్రవేత్త స్వాంటె ఓడెన్. యూరప్ అంతటా వాన నీటి కొలతలను కలిపి చూసి, బ్రిటన్, మధ్య యూరప్ పొగ స్కాండినేవియా సరస్సులను పుల్లబరుస్తోందని 1967లో ఒక దినపత్రిక వ్యాసంలో ప్రకటించాడు. అట్లాంటిక్‌కు అవతల అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో, హబ్బర్డ్ బ్రూక్ అడవిలో జీన్ లైకెన్స్, హెర్బర్ట్ బోర్మన్ బృందం 1963లో వాన నీటిని సేకరించడం మొదలుపెట్టింది. దగ్గర్లో పెద్ద పరిశ్రమలేవీ లేని ఆ కొండల్లో వాన పీహెచ్ 4 దగ్గర ఉండటం వారిని ఆశ్చర్యపరచింది. అక్కడ కొలతలు నేటికీ సాగుతున్నాయి.

1972లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి మానవ పర్యావరణ సదస్సులో స్వీడన్ ఈ సమస్యను ప్రపంచం ముందు పెట్టింది. అదే ఏడాది మొదలైన ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) దేశాల ఉమ్మడి పరిశీలన, ఒక దేశపు గంధకం సరిహద్దులు దాటి మరో దేశంలో పడుతోందని 1977 నివేదికలో నిర్ధారించింది.

నీటి జీవులపై ప్రభావం

ఆమ్ల వర్షం దెబ్బ ముందుగా, స్పష్టంగా కనిపించింది సరస్సులలో, వాగులలో. గ్రానైటు రాతి మీద పలచటి మట్టి ఉన్న ప్రాంతాలలో ఆమ్లాన్ని విరిచే సున్నం తక్కువ. దక్షిణ నార్వే, స్వీడన్, కెనడా తూర్పు భాగం, న్యూయార్క్ రాష్ట్రంలోని అడిరోండాక్ కొండలు అలాంటివే. దక్షిణ నార్వేలోని పలు నదులలో సాల్మన్ చేప అంతరించింది. శీతకాలమంతా మంచులో పోగుపడ్డ ఆమ్లం వసంతంలో మంచు కరగగానే ఒక్క ఉదుటున వాగుల్లోకి దిగుతుంది. గుడ్ల నుంచి పిల్లలు బయటికొచ్చే అదనూ చాలా చేపలకు అదే.

చేపలను చంపేది ఆమ్లం ఒక్కటే కాదు. మట్టిలో గట్టిగా బంధించి ఉన్న అల్యూమినియం ఆమ్లం తగిలితే కరిగి నీటిలోకి వస్తుంది. అది మొప్పల మీద పేరుకుని చేపకు ఊపిరాడకుండా చేస్తుంది, ఒంట్లోని ఉప్పును నీటిపాలు చేస్తుంది. పీహెచ్ 6 దగ్గరే నత్తలు, గుల్లల వంటివి తగ్గిపోతాయి. 5కు చేరేసరికి చాలా రకాల చేపల గుడ్ల నుంచి పిల్లలు బయటికి రావు.

ఈ పతనం ఎలా జరుగుతుందో కళ్ళారా చూడటానికి కెనడా శాస్త్రవేత్త డేవిడ్ షిండ్లర్ బృందం ఒంటారియో రాష్ట్రంలోని ప్రయోగ సరస్సులలో 223వ సంఖ్య గల చిన్న సరస్సును ఎంచుకుంది. 1976 నుంచి అందులో కొలిచి సల్ఫ్యూరిక్ ఆమ్లం కలుపుతూ ఎనిమిదేళ్ళలో పీహెచ్‌ను 6.8 నుంచి 5.0కు దించారు. పెద్ద ట్రౌట్ చేపలు ఆ ఆమ్లాన్ని తట్టుకున్నాయి గానీ, వాటికి ఆహారమైన చిన్న రొయ్యలు, చిరు చేపలు పీహెచ్ 5.8 దగ్గరే మాయమయ్యాయి. ట్రౌట్లు ఏటేటా బక్కచిక్కిపోయి, చివరికి ఎముకల గూళ్ళలా మిగిలాయి. 5.4 కంటే తక్కువలో ఏ చేప జాతీ పిల్లలు పెట్టలేదు. అయినా సరస్సులో నాచు, పాచి ఉత్పత్తి తగ్గలేదు. పైనుంచి చూసేవారికి నీరు తేటగా, ఆరోగ్యంగానే కనిపించింది. నీటి రంగు చూసి, పెద్ద చేపలు బతికున్నాయని చూసి సరస్సు క్షేమమని అనుకోవడం ఎంత పొరపాటో 1985లో వెలువడిన ఈ ఫలితాలు రుజువు చేశాయి.

నష్టం నీటితో ఆగలేదు. నెదర్లాండ్స్‌లో సున్నం కరిగిపోయిన అడవి నేలల్లో నత్తలు తగ్గాయి. వాటి గుల్లలే కాల్షియం ఆధారమైన చిన్న పక్షులు పెంకు పలచబడి పగిలిపోయే గుడ్లు పెట్టాయి.

నేల, అడవి, పంటలు

ఆమ్ల వర్షం మట్టిలోని కాల్షియం, మెగ్నీషియంలను కడిగేస్తుంది. చెట్టు వేళ్ళకు అందాల్సిన పోషకాలు వాగుల పాలవుతాయి, వాటి బదులు వేళ్ళను మాడ్చే అల్యూమినియం విడుదలవుతుంది. అలా బలహీనపడ్డ చెట్టును చలి, అనావృష్టి, పురుగు సులువుగా పడగొడతాయి. అమెరికా కొండల్లో రెడ్ స్ప్రూస్ చెట్ల సూదుల్లాంటి ఆకుల నుంచి కాల్షియం జారిపోయి అవి చలికి తట్టుకోలేకపోయాయి. ఎప్పుడూ మబ్బులో తడిసే కొండ శిఖరాలలో నష్టం ఎక్కువ. మబ్బు నీటి ఆమ్లత్వం వాన నీటి కంటే ఎక్కువగా ఉండటమే ఇందుకు కారణం.

తూర్పు జర్మనీ, చెకోస్లొవేకియా, పోలండ్‌లు కలిసే చోట గంధకం నిండిన లిగ్నైటు బొగ్గును కాల్చిన ప్రాంతానికి నల్ల త్రికోణం అని పేరు పడింది. అక్కడి ఓర్ కొండలపై స్ప్రూస్ అడవులు మైళ్ళ కొద్దీ మోడులయ్యాయి. పశ్చిమ జర్మనీలో 1980 దశకంలో అడవుల మరణం రాజకీయ ప్రశ్నగా మారింది. జర్మనీ అంతటా అడవులు నశిస్తాయన్న నాటి భయం నిజం కాలేదు. అయితే ఆ ఆందోళన వల్లే విద్యుత్ కేంద్రాలపై కఠినమైన నిబంధనలు వచ్చాయి.

పంటలపై వాన ద్వారా పడే దెబ్బ అడవులపై పడేంత పెద్దది కాదు. రైతు ఏటా ఎరువు వేస్తాడు, ఆమ్ల నేలలకు సున్నం చల్లుతాడు. పొగగొట్టాల దగ్గర సల్ఫర్ డయాక్సైడ్ నేరుగా సోకితే మాత్రం ఆకులు మచ్చలు పడి మాడతాయి. ఇక నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో పుట్టించే ఓజోన్ గోధుమ వంటి పంటల దిగుబడిని గణనీయంగా తగ్గిస్తుంది.

కట్టడాలు, శిల్పాలు

పాలరాయి, సున్నపురాయి రెండూ కాల్షియం కార్బొనేటే. సల్ఫ్యూరిక్ ఆమ్లం తగిలితే రాయి పైపొర జిప్సంగా మారుతుంది. వాన నేరుగా తగిలే చోట ఆ జిప్సం కరిగిపోయి శిల్పం ముక్కు, కనుబొమల గీతలు అరిగిపోతాయి. వాన తగలని మూలల్లో జిప్సం మసిని పట్టుకుని నల్లని పెచ్చుగా గట్టిపడుతుంది. కొన్నాళ్ళకు ఆ పెచ్చు ఊడిపోతూ తనతో పాటు రాతిని కూడా లాక్కుపోతుంది. ఏథెన్స్ అక్రోపొలిస్‌పై స్తంభాలుగా నిలిచిన స్త్రీ మూర్తులను ఈ కారణంగా 1979లో మ్యూజియం లోపలికి తరలించి, వాటి చోట నకళ్ళను నిలబెట్టారు.

మన దేశంలో ఈ చర్చ తాజ్‌మహల్ చుట్టూ నడిచింది. దగ్గర్లోని మథుర రిఫైనరీ 1982లో పని మొదలుపెట్టింది. ఆగ్రాలో ఇనుప కొలిములు, చుట్టుపక్కల గాజు పరిశ్రమలు బొగ్గు కాల్చేవి. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 30న తీర్పు ఇచ్చింది. సుమారు 10,400 చదరపు కిలోమీటర్ల తాజ్ ట్రెపీజియం ప్రాంతంలో 292 పరిశ్రమలు సహజ వాయువుకు మారాలనీ, లేకపోతే తరలిపోవాలనీ ఆదేశించింది. పాలరాయి పసుపుబారడానికి సల్ఫర్ డయాక్సైడ్ ఒక్కటే కారణం కాదు. దుమ్ముతో పాటు చెత్తా చెదారం కాల్చగా వచ్చే కర్బన కణాలు కూడా అందుకు దోహదం చేస్తాయని తరవాతి అధ్యయనాలు తేల్చాయి.

మనుషులపై ప్రభావం

ఆమ్ల వర్షంలో తడిస్తే చర్మం కాలదు. పీహెచ్ 4 ఉన్న వాన ఒంటిమీద పడితే మామూలు వానకు, దానికి తేడా తెలియదు. అసలు ప్రమాదం ఊపిరి ద్వారా వస్తుంది. సల్ఫర్ డయాక్సైడ్ శ్వాసనాళాలను బిగించి ఉబ్బసం ఉన్నవారిని వెంటనే ఇబ్బంది పెడుతుంది. ఆ వాయువు, నైట్రోజన్ ఆక్సైడ్లు గాలిలో అమ్మోనియాతో కలిసి సల్ఫేటు, నైట్రేటు కణాలుగా మారతాయి. 2.5 మైక్రోమీటర్లకు మించని ఈ కణాలు ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరి, గుండెపోటు, పక్షవాతం, దీర్ఘకాలిక శ్వాస వ్యాధుల ముప్పును పెంచుతాయి. పసిపిల్లలు, వృద్ధులు, గుండె జబ్బులున్నవారు వీటికి ముందుగా బలవుతారు. 1952 డిసెంబరులో లండన్‌ను ఐదు రోజులు కమ్మిన బొగ్గు పొగమంచులో సుమారు 4,000 మంది చనిపోయారని తొలి అంచనా. తరవాతి పరిశోధనలు ఆ సంఖ్యను 12,000 వరకు చెప్పాయి.

నీటి ద్వారా వచ్చే హాని పరోక్షమైనది. ఆమ్ల నీరు పాత గొట్టాలలోని సీసాన్ని, రాగిని కరిగించి తాగునీటిలో కలుపుతుంది. వానతో దిగిన సల్ఫేటు వల్ల చిత్తడి నేలల్లో కొన్ని బాక్టీరియాలు చురుకై, పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. అది చేపల్లో పోగుపడి, వాటిని తినే గర్భిణుల ద్వారా శిశువు మెదడు వరకు చేరుతుంది. చేపల వేట, అడవి, పర్యాటకం మీద బతికే కుటుంబాలకు ఇది జీవనోపాధి నష్టం కూడా.

ఎత్తయిన పొగగొట్టం పాఠం

కెనడాలోని సడ్బరీలో నికెల్, రాగి కొలిముల పొగకు చుట్టుపక్కల కొండలు బోడి రాళ్ళయ్యాయి. ఊరి గాలిని బాగుచేయడానికి 1972లో 381 మీటర్ల పొగగొట్టం కట్టారు. ఊరిలో గాలి మెరుగైంది, గంధకం మాత్రం ఇంకా దూరపు సరస్సుల మీద పడింది. గంధకాన్ని కొలిమి దగ్గరే పట్టి ఆపడం మొదలుపెట్టాకే ఆ సరస్సులు కోలుకోసాగాయి. ఆ పొగగొట్టాన్ని 2020లో వాడుక నుంచి తప్పించారు. బోడి కొండలపై సున్నపురాయి పొడి చల్లి, గడ్డి విత్తి, లక్షల మొక్కలు నాటారు. కాలుష్యాన్ని చెదరగొట్టడానికి, తొలగించడానికి మధ్య తేడా ఏమిటో సడ్బరీ చరిత్ర చెబుతుంది.

అదుపు చేసిన విధానం

సరిహద్దులు దాటే వాయు కాలుష్యంపై 1979లో జెనీవాలో ఒప్పందం కుదిరింది. 1985 హెల్సింకి ప్రోటోకాల్ గంధక ఉద్గారాలను 30 శాతం తగ్గించాలని నిర్దేశించింది. 1994లో ఓస్లో, 1999లో గోథెన్‌బర్గ్ ప్రోటోకాళ్ళు ఇంకా ముందుకెళ్ళాయి. అమెరికా 1990లో స్వచ్ఛ వాయు చట్టాన్ని సవరించి విద్యుత్ కేంద్రాల మొత్తం సల్ఫర్ డయాక్సైడ్‌కు పరిమితి విధించింది. ఆ పరిమితిలోపు అనుమతులను కేంద్రాలు అమ్ముకునే, కొనుక్కునే వీలు కల్పించింది. 1995లో అమలైన ఈ పద్ధతితో, ఇతర నిబంధనలతో అక్కడి విద్యుత్ కేంద్రాల సల్ఫర్ డయాక్సైడ్ 1990తో పోలిస్తే 90 శాతానికి పైగా తగ్గింది. చైనా 2000 దశకం మధ్యలో ప్రపంచంలోనే ఈ వాయువును అత్యధికంగా విడుదల చేసిన స్థితి నుంచి పదేళ్ళలో భారీగా తగ్గించుకుంది.

ఇందుకు వాడిన ప్రధాన సాధనం పొగ నుంచి గంధకాన్ని కడిగే యంత్రం. సున్నపురాయి పొడిని నీళ్ళలో కలిపి పొగ మీద చిమ్మితే సల్ఫర్ డయాక్సైడ్ జిప్సంగా మారుతుంది. శిల్పాన్ని కొరికే రసాయన చర్యే ఇక్కడ కాపాడే పని చేస్తుంది. ఆ జిప్సం సిమెంటుకు, గోడ పలకలకు పనికొస్తుంది. ఇంధనాల్లో గంధకం తగ్గించడం మరో దారి. భారత్‌లో 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 (భారత్ స్టేజ్-6) ప్రమాణాల ప్రకారం పెట్రోలు, డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్ళకు 10 పాళ్ళు మించకూడదు. ఓడల ఇంధనంలో గంధకం పరిమితిని 2020 జనవరి 1 నుంచి 3.5 శాతం నుంచి 0.5 శాతానికి దించారు.

వాన త్వరగా బాగుపడుతుంది, నేల అంత త్వరగా బాగుపడదు. హబ్బర్డ్ బ్రూక్‌లో వాన పీహెచ్ 5 దగ్గరికి చేరినా, కొట్టుకుపోయిన కాల్షియం తిరిగి రాలేదు. 1999లో అక్కడి ఒక లోయపై కాల్షియం ఖనిజాన్ని హెలికాప్టర్ నుంచి చల్లాక షుగర్ మేపుల్ చెట్లు తేరుకున్నాయి. స్వీడన్, నార్వే దశాబ్దాలుగా సరస్సులలో, నదులలో సున్నం కలుపుతూనే ఉన్నాయి. ఆలస్యానికి కట్టే మూల్యం ఇది.

భారతదేశం, తెలుగు నేల

మన దేశంలో యూరప్ స్థాయిలో సరస్సులు పుల్లబడకపోవడానికి పెద్ద కారణం దుమ్ము. ఎండిన నేలల నుంచి, థార్ ఎడారి నుంచి లేచే ధూళిలో కాల్షియం ఎక్కువ. అది మబ్బులోనే ఆమ్లాన్ని విరిచేస్తుంది. ఈ రక్షణ అన్ని చోట్లా ఒకేలా ఉండదు. భారత వాతావరణ శాఖ, పుణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థల పరిశోధకులు దేశంలోని పది కేంద్రాలలో 1987 నుంచి 2021 వరకు సేకరించిన వాన నీటిని విశ్లేషించారు. ఎక్కువ చోట్ల పీహెచ్ క్రమంగా తగ్గుతోందని, ప్రయాగ్‌రాజ్, విశాఖపట్నం, అసోంలోని మోహన్‌బారీలలో ఆమ్లత్వం పెరుగుతోందని గుర్తించారు. విశాఖలో రిఫైనరీ, ఎరువుల పరిశ్రమ, ఓడరేవు ఉన్నాయి. వీటి ఉద్గారాలను పరిశోధకులు కారణంగా చూపారు.

తెలుగు రాష్ట్రాల నేలలు ఈ దెబ్బను ఒకేలా తట్టుకోలేవు. నల్లరేగడిలో సున్నపు గులకలు ఉంటాయి కాబట్టి ఆమ్లాన్ని విరిచే శక్తి ఎక్కువ. పల్నాడు, కడప, కర్నూలు సున్నపురాతి ప్రాంతాలకూ ఆ బలం ఉంది. గ్రానైటు నుంచి ఏర్పడ్డ చలక నేలలకు, వానలు ఎక్కువగా కురిసే తూర్పు కనుమల ఎర్ర నేలలకు ఆ రక్షణ తక్కువ. రామగుండం, కొత్తగూడెం, విజయవాడ, సింహాద్రి వంటి బొగ్గు విద్యుత్ కేంద్రాలున్న మన రాష్ట్రాలలో వాన నీటిని, నేలను క్రమం తప్పకుండా కొలిచే కేంద్రాలు మరిన్ని ఉండాలి.

నేడు ప్రపంచంలో సల్ఫర్ డయాక్సైడ్‌ను అత్యధికంగా విడుదల చేసే దేశాలలో భారత్ ముందుంది. 2015 డిసెంబరులో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ బొగ్గు విద్యుత్ కేంద్రాలకు ఈ వాయువుపై తొలిసారి పరిమితులు విధించి, 2017లోగా పాటించాలంది. గడువు పలుమార్లు పొడిగించారు. 2025 జులైలో దాదాపు 78 శాతం యూనిట్లకు గంధకం తొలగించే యంత్రాల నుంచి మినహాయింపు ఇచ్చి, పొగగొట్టాల ఎత్తు నిబంధన పాటిస్తే చాలన్నారు. మన బొగ్గులో గంధకం తక్కువని, గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ పరిమితిలోపే ఉందని ప్రభుత్వ వాదన. కానీ ఆ వాయువు విద్యుత్ కేంద్రం దగ్గరే ఆగిపోదు. దూరం వెళ్ళి సల్ఫేటు కణంగా మారుతుంది, అప్పుడది వేరే పేరుతో, వేరే ఊరి గాలిలో లెక్కకొస్తుంది. గంధకం శాతం తక్కువైనా కోట్ల టన్నుల బొగ్గు కాల్చినప్పుడు మొత్తం తక్కువ కాదు.

పర్యావరణ సమస్యలలో కారణం తెలిసి, విరుగుడు తెలిసి, ఆ విరుగుడు పనిచేస్తుందని రుజువైనవి కొన్నే. ఆమ్ల వర్షం వాటిలో ఒకటి. ఎత్తయిన పొగగొట్టం గంధకాన్ని పొరుగువారికి పంపుతుందే తప్ప తొలగించదని యాభై ఏళ్ళ అనుభవం చెబుతోంది. మన దుమ్ము కాచినంత కాలం కాస్తుందని ఊరుకోకుండా, మన నేలలు సున్నం కోల్పోకముందే పొగను పుట్టిన చోటనే కడగడం మన తరం చేయవలసిన పని.